వేటకుక్కకు హఠాత్తుగా చూపు పోతే

పొట్టి కాళ్లు, బారెడు ఒళ్లు ఉన్న డాషండ్‌ను మన నగరాల్లో ముచ్చటైన ఇంటికుక్కగానే ఎరుగుదుం. పుట్టుకతో అది వేటకుక్క. నేలబొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే జంతువును వాసన పట్టి, ఇరుకైన చీకటి సొరంగంలోకి దూరి, అక్కడే దాన్ని నిలువరించి, పైనున్న వేటగాడికి మొరుగుతూ చోటు తెలియజేయడానికి జర్మన్లు తీర్చిదిద్దిన జాతి అది. అలాంటి కుక్క ఎనిమిదో పదో ఏళ్ల వయసులో, కొద్ది రోజుల తేడాలోనే, తలుపుకు తల కొట్టుకోవడం మొదలుపెడుతుంది. మెట్టు దగ్గరకొచ్చి కాలు కదపలేక ఆగిపోతుంది. విసిరిన బంతి కళ్లెదుటే పడినా పట్టించుకోదు. ఇంటిల్లిపాదీ కుంగిపోయే సమయమది.

అప్పుడు రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. వయసు మళ్లింది కదా అని ఊరుకోవడం ఒకటి. దీని బతుకు ఇక ఇంతేనని, ఇంజెక్షన్ ఇప్పించి బాధ తప్పిద్దామని తొందరపడటం రెండోది. మొదటిదానివల్ల కాపాడుకోగల చూపు పోతుంది. రెండోదానివల్ల హాయిగా సాగగల ప్రాణం పోతుంది. కారణం వెతకడంలో గంటలు లెక్కపెట్టాలి, కుక్క భవిష్యత్తును నిర్ణయించడంలో నెలలు ఆగాలి.

హఠాత్తుగా కనిపించిన ప్రతి అంధత్వమూ హఠాత్తుగా వచ్చింది కాదు. వంశపారంపర్యంగా వచ్చే రెటీనా క్షీణత ఏళ్ల తరబడి సాగుతుంది. సాధారణంగా ముందు రాత్రిచూపు తగ్గుతుంది, తర్వాత పగటిచూపు. ఈలోగా కుక్క ఇల్లంతా కంఠతా పట్టేస్తుంది. ఏ గది ఎక్కడో, నీళ్ల గిన్నె ఏ మూలో, గుమ్మం ఎంత ఎత్తో దానికి తెలుసు. ఇల్లు మారినప్పుడో, సోఫా జరిపినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. కాబట్టి వైద్యుడి దగ్గరకు వెళ్లేముందు గుర్తుచేసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. సందెవేళ బయటకు రావడానికి ఈమధ్య వెనకాడిందా? నీళ్లు ఎక్కువగా తాగుతోందా? ఆకలి పెరిగిందా? చూపు ఉందో లేదో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. చిన్న దూది ఉండను దాని ముఖం ముందు వదలండి. దూది పడితే చప్పుడు రాదు, గాలీ వీచదు. చూపున్న కుక్క దాన్ని కళ్లతో వెంటాడుతుంది.

అత్యవసరంగా చూడవలసిన కారణాల్లో మొదటిది గ్లాకోమా. కుక్క కంటిలోపలి పీడనం మామూలుగా 10 నుంచి 20 మిల్లీమీటర్ల పాదరస మట్టం మధ్య ఉంటుంది. అది ఒక్కసారిగా 40, 50 దాటితే ఒకటి రెండు రోజుల్లోనే చూపు శాశ్వతంగా పోవచ్చు. కన్ను ఎర్రబారడం, నల్లగుడ్డు మీద మబ్బు కమ్మడం, తల ముట్టుకోనివ్వకపోవడం దాని గుర్తులు. ఇది తీవ్రమైన నొప్పి, కుక్క మూలగకపోయినా సరే. రెండోది రక్తపోటు. మూత్రపిండాల జబ్బు, కుషింగ్ వ్యాధి ఉన్న ముసలి కుక్కల్లో పై అంకె 180 దాటినప్పుడు రెటీనాలో రక్తం చిమ్మి, పొర ఊడిపోయే ప్రమాదం ఉంది. ఆమ్లోడిపిన్ వంటి మందుతో త్వరగా అదుపు చేస్తే ఊడిన పొర తిరిగి అతుక్కొని కొంత చూపు దక్కవచ్చు. కుక్కకు బీపీ చూడటమనే మాట మన దగ్గర చాలామందికి కొత్తగా ఉంటుంది. అడిగి మరీ చూపించుకోవాలి.

తెలుగు జిల్లాల్లో మరచిపోకూడనిది గోమార్ల జ్వరం. గోధుమరంగు గోమారి కాటుతో వచ్చే ఎర్లీకియా క్రిమి ప్లేట్‌లెట్లను పడగొట్టి, కంటిలో వాపును, రక్తస్రావాన్ని కలిగిస్తుంది. రక్తపరీక్షలో తేలితే డాక్సీసైక్లిన్‌తో నయమయ్యే జబ్బు ఇది. మధుమేహం వచ్చిన కుక్కల్లో ఎక్కువ వాటికి ఏడాది తిరిగేలోగా శుక్లాలు కమ్ముతాయి, ఒక్కోసారి రోజుల వ్యవధిలోనే. వాటికి శస్త్రచికిత్స ఉంది.

వీటిలో ఏదీ కాదని తేలినప్పుడు, కన్ను పైకి నిర్మలంగా కనిపిస్తూనే చూపు పూర్తిగా పోయినప్పుడు, వైద్యులు సార్డ్స్ అనే స్థితిని అనుమానిస్తారు. రెటీనా అకస్మాత్తుగా క్షీణించే జబ్బు అది. 1980ల్లో వర్ణించిన ఈ జబ్బుకు మూలకారణం నేటికీ తేలలేదు. నడివయసు దాటిన కుక్కలకే ఎక్కువగా వస్తుంది. డాషండ్, మినియేచర్ ష్నౌజర్ జాతుల్లో తరచుగా కనిపిస్తుంది. చూపు పోవడానికి కొన్ని వారాల ముందు నుంచి విపరీతమైన ఆకలి, దాహం, బరువు పెరగడం మొదలవుతాయి. కంటిపాపలు విప్పారి ఉంటాయి. తొలిరోజుల్లో రెటీనాను పరికరంతో చూసినా మామూలుగానే ఉంటుంది. అందుకే ఎలక్ట్రోరెటినోగ్రఫీ అనే పరీక్ష అవసరం. వెలుగు పడినప్పుడు రెటీనా పుట్టించే విద్యుత్తును అది కొలుస్తుంది. సార్డ్స్‌లో ఆ రేఖ నిటారుగా లేవదు, చదునుగా సాగుతుంది. జబ్బు దృష్టినాడిలోనో మెదడులోనో ఉంటే రేఖ మామూలుగా వస్తుంది.

ఇంకో అద్భుతమైన పరీక్ష కూడా ఉంది. సార్డ్స్ వచ్చిన కంటిలోకి సుమారు 630 నానోమీటర్ల ఎర్రకాంతి వేస్తే కంటిపాప చలించదు. 480 నానోమీటర్ల దగ్గరి నీలికాంతి వేస్తే ముడుచుకుంటుంది. ఎర్రకాంతికి స్పందించవలసిన కాంతిగ్రాహక కణాలు చచ్చుబడ్డాయి. నీలికాంతిని నేరుగా పసిగట్టే మెలనాప్సిన్ అనే పదార్థం మాత్రం రెటీనా లోపలి పొరలోని నాడీకణాల్లో మిగిలే ఉంది. అంటే ఆ కుక్కకు బొమ్మ కనిపించదు, కంటిపాపను కదిలించేంత వెలుగు మాత్రం దాని నాడికి ఇంకా అందుతోంది. గుడ్డితనంలోనూ ఇన్ని రకాలుంటాయని ఇంత తేటగా చూపే పరీక్ష మరొకటి నాకు తెలియదు.

సార్డ్స్‌లో పోయిన చూపును తిరిగి తెస్తుందని రుజువైన చికిత్స లేదు. ఎవరైనా హామీ ఇచ్చి ఖరీదైన ఇంజెక్షన్లు సూచిస్తే, మరో నేత్రవైద్యుడి అభిప్రాయం తీసుకున్నాకే ఒప్పుకోండి.

చూపు పోయిన వేటకుక్కకు మిగిలేది తక్కువేమీ కాదు. వాసన పసిగట్టే కణాలు మనకు లక్షల్లో ఉంటే దానికి కోట్లలో ఉంటాయి. 2022లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 23 కుక్కల మెదళ్లను ఎంఆర్ఐతో పరిశీలించారు. వాసనను అందుకునే భాగం నుంచి చూపుకు కేంద్రమైన తల వెనుక భాగానికి నేరుగా నాడీమార్గం ఉందని చూపారు. అలాంటి మార్గాన్ని అంతకుముందు ఏ జీవిలోనూ గుర్తించలేదు. అంధత్వం వచ్చిన కుక్కలు అంత చక్కగా సర్దుకుపోవడానికి ఇది ఒక వివరణ కావచ్చు. బొరియలో వెలుతురు లేకుండా పనిచేయడానికే పుట్టిన డాషండ్‌కు, ముక్కుతో జాడ తీసే బీగిల్‌కు ఈ వరం ఎక్కువ ఉపయోగపడుతుంది. కర్ణాటకలోని ముధోల్ కుక్కలా కంటితో చూసి పరుగెత్తి పట్టే జాతులకు మాత్రం నష్టం పెద్దది. వాటికి మరింత ఓర్పుతో నేర్పాలి.

ఇంట్లో చేయవలసింది ముఖ్యంగా ఒక్కటే. దాని మనసులోని పటాన్ని చెరపకూడదు. సామాన్లు జరపకండి. గిన్నెలు, పడక ఉన్నచోటే ఉంచండి. జాలిపడి ఎత్తుకుని వేరే గదిలో దింపితే ఎక్కడున్నదీ తెలియక కంగారుపడుతుంది. మెట్ల పైన, కింద అడ్డుపలక పెట్టండి. సంపు, బావి, నీటితొట్టి మూతలు వేయండి. మెట్టుకు ముందు గోనెపట్టానో చాపో పరిస్తే, కాలికి తగిలిన గరుకుతో అది హెచ్చరిక తీసుకుంటుంది. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే దాని మెడకు చిన్న గంట కట్టండి. పిలవకుండా ముట్టుకోవద్దని పిల్లలకు గట్టిగా చెప్పండి, ఉలిక్కిపడిన కుక్క కరవవచ్చు. "ఆగు", "మెట్టు", "పక్కకు" వంటి మాటలు ఎప్పుడూ ఒకే గొంతుతో, ఒకే అర్థంలో వాడండి. ఆకలి పెరిగిందని అడిగినంతా పెట్టకండి. డాషండ్ వెన్నుకు అధిక బరువు ప్రమాదం.

జర్మనీలో, ఫ్రాన్స్‌లో, అమెరికాలో వేటకు తీసుకెళ్లే కుక్క అయితే తుపాకుల మధ్యకు, ముళ్లకంచెల దగ్గరకు ఇక పంపకూడదు. మన దేశంలో 1972 చట్టం వన్యప్రాణుల వేటను నిషేధించింది కాబట్టి ఇక్కడ ఆ ప్రశ్న రాదు. అయినా జాడ తీసే పని మాత్రం ఆపవద్దు. ఎండుచేప ముక్కనో, ఉడికించిన కోడిమాంసపు తునకనో పెరట్లో దాచి వెతకమనండి. తొలి వారాల్లో మూల పట్టి దిగులుగా పడుకున్న కుక్క, మళ్లీ ముక్కు నేలకు ఆనించి తోక ఆడించడం ఈ పనితోనే మొదలవుతుంది.

సర్దుకోవడానికి కొన్ని వారాలు, కొన్నిటికి కొన్ని నెలలు పడుతుంది. ఆలోగా ప్రాణం తీసే నిర్ణయం తీసుకోవద్దని పెంపకందార్లను వేడుకుంటున్నాను. మందులకు లొంగని గ్లాకోమా నొప్పి ఉంటే ఆ కన్ను తీయించడమే దయ, కుక్క దాంతో తేలికపడుతుంది. అమెరికా పశువైద్య సంఘం పత్రిక 2013లో సార్డ్స్ వచ్చిన 100 కుక్కల యజమానుల అనుభవాలను ప్రచురించింది. చికిత్స ప్రయత్నించిన కుక్కల్లో ఒక్కదానికీ చూపు రాలేదు. అయినా 37 మంది తమ కుక్కతో అనుబంధం మునుపటికన్నా పెరిగిందన్నారు. ఈ జబ్బు వచ్చిందని కుక్క ప్రాణం తీయవద్దనే 95 మంది చెప్పారు.