వ్యసనం – దేహభేదం

మన పూర్వులు సప్తవ్యసనాలను పేర్కొన్నారు. వెలది, జూదం, పానం, వేట, పరుషంగా పలకడం, కఠినంగా దండించడం, ధనాన్ని దుర్వ్యయం చేయడం అనేవి ఆ ఏడు. ఈ పట్టిక రాజులకు హితవుగా కూర్చినది. కనుకనే అందులో స్త్రీ ఒక వ్యసనంగా కనిపిస్తుందే గాని, వ్యసనానికి లోనయ్యే మనిషిగా కనిపించదు. ఆధునిక వైద్యశాస్త్రం సైతం చాలాకాలం పురుషుని దేహాన్నే కొలబద్దగా గ్రహించింది. దానివల్ల కలిగిన లోపం ఏమిటో పొగాకు వ్యసనాన్ని పరిశీలిస్తే స్పష్టమవుతుంది.

భద్రాచలం అడవుల అంచున, గోదావరి తీరాన ఉన్న ఊరు బూర్గంపాడు. పూర్వం ఖమ్మం జిల్లాలో ఉండేది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. ఈ ప్రాంతపు ఏటి ఒడ్డు నేలల్లో పొగాకు పండుతుంది. ఎండాకాలం రాగానే చుట్టుపక్కల అడవుల్లో కోయ కుటుంబాలు తునికాకు సేకరించి, కట్టలు కట్టి కల్లాలకు చేరుస్తాయి. తునికాకులో పొగాకు పొడి చుడితే బీడీ తయారవుతుంది. నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాల్లో బీడీలు చుట్టేవారిలో అత్యధికులు స్త్రీలే. వారు పొగ తాగకపోయినా, పొగాకును తాకే చేతుల చర్మం ద్వారా కొంత నికోటిన్ రక్తంలో చేరుతుంది.

పొగాకుతో స్త్రీల సంబంధం శ్రమతోనే ఆగిపోలేదు. చుట్ట అనగానే మనకు ‘కన్యాశుల్కం’లోని గిరీశం స్ఫురిస్తాడు. కానీ ఆ నాటకం పుట్టిన ఉత్తరాంధ్రలోనే, తీరప్రాంతపు పల్లెల్లో స్త్రీలు చుట్ట వెలిగించి, నిప్పున్న కొనను నోటిలో ఉంచుకొని కాల్చే ఆచారం ఉంది. దీనిని ‘అడ్డపొగ’ అంటారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామీణులను పరీక్షించిన పరిశోధకుల నివేదిక 1971లో వెలువడింది. అడ్డపొగ వల్ల అంగిలి దెబ్బతిని, క్యాన్సరుకు సైతం దారి తీస్తుందని ఇటువంటి పరిశోధనలు నిరూపించాయి. 2016–17లో దేశవ్యాప్తంగా జరిగిన సర్వేలో పురుషులలో 42.4 శాతం, స్త్రీలలో 14.2 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. స్త్రీలలో అధికులు నమిలే పొగాకునే వాడుతున్నారు.

పొగాకులోని నికోటిన్ ఒక ఉత్తేజక ద్రవ్యం. పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే అది మెదడును చేరుతుంది. అక్కడ డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయించి క్షణకాలం హాయి కలిగిస్తుంది. రక్తంలో నికోటిన్ తగ్గగానే చిరాకు, ఆరాటం మొదలవుతాయి. వాటిని పోగొట్టుకోవడానికి మనిషి మరల పొగాకునే ఆశ్రయిస్తాడు. ఇదే వ్యసనచక్రం.

ఈ చక్రం స్త్రీపురుషులలో ఒకే వేగంతో తిరగదు. దేహంలో చేరిన నికోటిన్‌ను కాలేయం విచ్ఛిన్నం చేస్తుంది. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ప్రభావం వలన స్త్రీలలో ఈ పని త్వరగా జరుగుతుంది. గర్భిణులలో ఆ వేగం సుమారు 60 శాతం అధికమవుతుంది. బిడ్డ క్షేమం కోరి తల్లి పొగాకు మానదలచిన సమయంలోనే, ఆమె రక్తంలో నికోటిన్ మునుపటికన్నా త్వరగా తరిగిపోతుంది. ఆమె పడే బాధను మనోదౌర్బల్యం అని నిందించడం ఎంత అన్యాయమో దీనివల్ల గ్రహించవచ్చు. పొగ మానడానికి వాడే నికోటిన్ పట్టీలు కూడా స్త్రీలకు పురుషులకు చేసినంత మేలు చేయడం లేదని అనేక పరిశోధనల్లో తేలింది.

కొకెయిన్, ఆంఫెటమైన్ వంటి ఇతర ఉత్తేజకాల విషయంలోనూ భేదం కనిపిస్తుంది. వాడేవారిలో పురుషులే ఎక్కువ. అయితే తొలి వాడుక నుండి వ్యసనం ముదిరే దశకు స్త్రీలు తక్కువ కాలంలో చేరుకుంటున్నారు. ఈస్ట్రోజెన్ డోపమిన్ స్పందనను హెచ్చిస్తే, ప్రొజెస్టిరాన్ దానిని కొంత అణచుతుంది. అందువలన ఋతుచక్రంలోని దశనుబట్టి ఒకే మోతాదు ఒకే స్త్రీకి వేర్వేరు అనుభూతిని ఇవ్వగలదు. ఇవన్నీ సగటు లక్షణాలే. ప్రతి వ్యక్తికీ ఒకే విధంగా వర్తించవు. పేదరికం, గృహహింస, దిగులు వంటి సామాజిక కారణాలు కూడా వీటితో పెనవేసుకొని ఉంటాయి.

ఇంతటి విషయం ఆలస్యంగా తెలియడానికి కారణం లేకపోలేదు. 1977లో అమెరికా ప్రభుత్వం, గర్భధారణకు అవకాశమున్న స్త్రీలను ఔషధాల తొలి పరీక్షల నుండి మినహాయించాలని సూచించింది. వారిని కాపాడాలన్నదే ఉద్దేశం. కానీ దానివల్ల వారికి తగిన మోతాదు, వారికి కలిగే దుష్ఫలితాలు తెలియకుండా పోయాయి. 1993లో ఆ విధానాన్ని సడలించి, ప్రభుత్వ ధనంతో జరిగే వైద్య పరిశోధనల్లో స్త్రీలను తప్పక చేర్చుకోవాలని అక్కడ చట్టం చేశారు.

శాస్త్రం తన దృష్టిని మార్చుకొన్నది. సమాజం కూడా మార్చుకోవలసి ఉంది. పురుషుడు పొగ తాగితే అలవాటు అనీ, స్త్రీ తాగితే అప్రతిష్ఠ అనీ తలచే చోట, ఆమె తన వ్యసనాన్ని దాచుకుంటుందే గాని చికిత్సకు రాదు. వ్యసనం నీతికి సంబంధించిన నేరం కాదు, దేహాన్నీ మనస్సునూ పట్టిన వ్యాధి. పొగాకు మానదలచినవారు 1800-11-2356 అనే జాతీయ ఉచిత దూరవాణి ద్వారా సలహా పొందవచ్చు. సమానంగా చూడడమంటే అందరికీ ఒకే మందు ఇవ్వడం కాదు. ఎవరి దేహానికి తగిన చికిత్స వారికి అందించడమే నిజమైన సమానత్వం.