కర్నూలు–కడప పెట్రోల్ లెక్క: మ్యాప్స్ చెప్పే కిలోమీటర్లు ఓకే, మరి మీ మైలేజ్ నంబర్ కరెక్టేనా?

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ ఓపెన్ చేస్తే కర్నూలు నుంచి కడపకు ఎంత దూరమో, ఎన్ని గంటలో వెంటనే చెప్పేస్తుంది. కానీ పెట్రోల్‌కు ఎంతవుతుందన్న లెక్క మాత్రం మనమే వేసుకోవాలి. ఫార్ములా అందరికీ తెలిసిందే: కిలోమీటర్లను మైలేజ్‌తో భాగించి, లీటరు ధరతో గుణించడం. ఇందులో దూరం మ్యాప్స్ ఇస్తుంది, ధర బంకు బోర్డు మీద ఉంటుంది. లెక్క తేడా కొట్టేదంతా మైలేజ్ దగ్గరే.

బ్రోచర్ మైలేజ్‌తో వేస్తే ఏమవుతుంది?

2024 స్విఫ్ట్ పెట్రోల్ మాన్యువల్‌నే తీసుకుందాం. ఏఆర్ఏఐ మైలేజ్ లీటరుకు 24.8 కిలోమీటర్లు. ఇది ల్యాబ్‌లో రోలర్ల మీద నడిపి కొలిచిన నంబర్. ఆ టెస్టులో గరిష్ఠ వేగం 90, ఏసీ ఆఫ్. మే నెలలో నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా ఏసీ లేకుండా ఎవరు పోతారు చెప్పండి?

రోడ్డు మీద అదే కారుకు 17 వస్తోందనుకుందాం. లెక్క సులువుగా ఉండటానికి పెట్రోల్ లీటరు 110 రూపాయలు పెట్టుకుందాం. కర్నూలు–కడప దాదాపు 210 కిలోమీటర్లు.

24.8 మైలేజ్‌తో: రానుపోను 1,863 రూపాయలు.
17 మైలేజ్‌తో: రానుపోను 2,718 రూపాయలు.

ఒక్క ట్రిప్పుకే 855 తేడా. ఎప్పుడో ఒకసారి పోయేవాళ్లకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు.

రోజూ తిరిగేవాళ్లకే అసలు దెబ్బ

కర్నూలులో ఉంటూ నంద్యాలలో పని చేసేవాళ్లు నలుగురు కలిసి ఒకే కారులో పోతున్నారనుకోండి. రానుపోను సుమారు 150 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు. అంటే 3,750 కిలోమీటర్లు. బ్రోచర్ మైలేజ్‌తో నెల ఖర్చు దాదాపు 16,630, మనిషికి 4,160. అసలు ఖర్చు మాత్రం 24,260. మిగతా ముగ్గురి దగ్గర 4,160 చొప్పున తీసుకుంటే, కారు ఓనర్ తన వాటా కాక ఇంకో 5,700 రూపాయలు ప్రతి నెలా సొంత జేబులోంచి పెట్టుకుంటున్నట్టే. చెప్పలేక ఓనర్, తెలియక మిగతావాళ్లు. ఇలాంటి చోటే స్నేహాలు చెడతాయి.

మీ కారు నంబర్ ఇలా కనుక్కోండి

1. బంకులో ఫుల్ ట్యాంక్ చేయించండి. గన్ మొదటిసారి ఆటో కట్ అవగానే ఆపమనండి. ట్రిప్ మీటర్ జీరో చేయండి.
2. మీరు రోజూ నడిపినట్టే నడపండి. మైలేజ్ కోసం ఏసీ ఆపొద్దు.
3. ట్యాంక్ బాగా తగ్గాక అదే బంకులో మళ్లీ మొదటి కట్ వరకు కొట్టించండి. 459 కిలోమీటర్లు తిరిగి 27 లీటర్లు పడితే మీ మైలేజ్ 17.
4. ఇలా మూడుసార్లు చేసి మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించండి. ఫ్యూయెలియో లాంటి యాప్‌లో ఎంట్రీ వేస్తే లెక్క అదే చూసుకుంటుంది. ఎక్సెల్ షీట్ అయినా చాలు.

చివరికి గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్క నంబరే: కిలోమీటరుకు ఎన్ని రూపాయలు. 110ని 17తో భాగిస్తే దాదాపు ఆరున్నర. ఇక ప్రొద్దుటూరు పోయినా, తిరుపతి పోయినా మ్యాప్స్ చూపిన కిలోమీటర్లను ఆరున్నరతో గుణిస్తే సరి.

ఈ నంబర్‌ను మార్చేవి

వేగం: 80 నుంచి 100కి పెంచితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది.
ఈ20 పెట్రోల్: ఈ0కి డిజైన్ చేసి ఈ10కి క్యాలిబ్రేట్ చేసిన కార్లలో 6–7 శాతం మైలేజ్ తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 రోడ్‌మ్యాప్‌లోనే ఉంది. పాత కారు ఉంటే పాత మైలేజ్ నమ్మకుండా మళ్లీ కొలవండి.

టోల్ వేరుగా రాసుకోండి

మ్యాప్స్‌లో టోల్ అంచనా కనిపిస్తుంది, దాన్ని పెట్రోల్‌లో కలపొద్దు. 2025 ఆగస్టు 15న వచ్చిన ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ ధర మొదట్లో 3,000. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. రోజూ ఒక ప్లాజాను రెండుసార్లు దాటితే 25 రోజుల నెలకు 50 ట్రిప్పులు. అంటే పాస్ నాలుగు నెలలకే అయిపోతుంది, ఆ మొదటి ధరతో నెలకు 750 పడేది. ఇది జాతీయ రహదారుల ప్లాజాలకే, సొంత కార్లకే.

తుంగభద్ర దాటి కొట్టిస్తే లాభమా?

తెలంగాణలో లీటరుకు 2 రూపాయలు తక్కువ ఉందనుకుందాం. 35 లీటర్లకు మిగిలేది 70. దానికోసం రానుపోను 20 కిలోమీటర్లు తిరిగితే ఖర్చు 130. టోల్ పడితే ఇంకా లాస్. హైదరాబాద్ ఎలాగూ పోతుంటే మాత్రం అటువైపు కొట్టించండి.

మా మాట

ఈ పనికి కొత్త గ్యాడ్జెట్ ఏదీ కొనక్కర్లేదు. మూడు ఫుల్ ట్యాంకుల ఓపిక ఉంటే చాలు. కారు షేర్ చేసుకునేవాళ్లయితే ఆ బిల్లుల ఫోటోలు, మీటర్ ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. లెక్క అందరి ముందూ ఉంటే డబ్బు అడగడానికి మొహమాటం ఉండదు, ఇవ్వడానికి అనుమానం ఉండదు.