కారు కారుతోంది!

తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికేవాడికి ఎక్కడైనా శ్లేష దొరికితే పండుగే. కాని ఆ శ్లేష తన వాకిట్లోనే దొరికినప్పుడు అంత నవ్వు రాదని క్రిందటి శ్రావణంలో తెలిసివచ్చింది. తెల్లవారి ముగ్గు వేయబోయిన మా ఆవిడ పెద్దగా కేకవేసింది: "ఏమండీ! మీ కారు కారుతోంది!"

వెళ్ళి చూద్దును గదా, నిన్నటి ముగ్గు మీద అరచెయ్యంత నల్లటి మరక.

ఆ కారు మాది అంటాను గాని, నిజానికి అది నాన్నగారిది. 1986లో ఆయన కొన్న పెట్రోలు అంబాసిడర్. ఇప్పుడాయనకు ఎనభై రెండేళ్ళు. ఇంకే కారూ ఎక్కరు. "వాటిల్లో కూర్చోవాలంటే పడిపోవాలి, లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి" అంటారు. పది రోజుల్లో ఆయన్ను వాళ్ళ అక్కగారి ఊరు తీసుకువెళ్ళాలి. నూట ఇరవై కిలోమీటర్లు. అత్తయ్యకు తొంభై దాటాయి. వచ్చే ఏడు చూద్దాంలే అనుకొనే వయసు ఇద్దరిదీ కాదు.

అంతకు వారం ముందే కారుకు కొత్త హెడ్డు వేయించాను. ఎండల్లో ఇంజను వేడెక్కి, పాత హెడ్డు రెండు వాల్వుల నడుమ చిట్లింది. హెడ్డంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట. సిలిండర్లు నాలుగూ వరుసగా అమర్చిన గిన్నెలనుకోండి. వాటన్నిటికీ కలిపి బిగించిన బరువైన ఇనప మూత హెడ్డు. గిన్నెలకూ మూతకూ మధ్య గాస్కెట్టు. ఆ మూత మీద వాల్వులను నొక్కే రాకర్లు టకటకలాడుతుంటాయి. వాటి మీద మళ్ళీ పలుచని రేకు మూత ఒకటి, రాకరు కవరు. దాని అంచు క్రింద కార్కు ప్యాకింగు. 'వి' ఆకారపు పెద్ద ఇంజన్లకు హెడ్లు రెండుంటాయి. మాకు ఒకటే అయింది, బ్రతికిపోయాను.

ఈ ఇంజనుకు పెద్ద చరిత్రే ఉంది. ఆస్టిన్, మోరిస్ కంపెనీలు 1952లో కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. వారి 1489 సి.సి. ఇంజనునే 1955లో ఎం.జి.ఏ. అనే సొగసైన రెండు సీట్ల కారుకు పెట్టారు. అదే మన అంబాసిడర్‌కూ వచ్చింది. అంబాసిడర్ల తయారీ 2014లో ఆగిపోయింది గాని, ఇంజను స్వభావం తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు. మా మేస్త్రీ వారిలో ఒకడు.

ఆ సంగతి అప్పుడు నాకు గుర్తు లేదు. స్టాఫ్‌రూములో కనిపించినవారికల్లా, "హెడ్డు మార్చమంటే ఇంజనంతా చెడగొట్టాడండీ" అని చెప్పాను. ఒక మిత్రుడు మరో షెడ్డుకు తీసుకువెళ్ళాడు. అక్కడివారు కారు క్రింద దూరి, చమురు ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట నుంచి చుక్కలు పడుతోందనీ, క్రాంకు వెనకభాగం పోయి ఉంటుందనీ, గేరుబాక్సు దించాలనీ చెప్పారు. వాళ్ళు చెప్పిన ఖర్చు హెడ్డు ఖరీదును మించింది.

అమ్మేద్దామన్న మాట ఆ రాత్రి మొదటిసారి నా నోట వచ్చింది. నాన్నగారు ఏమీ అనలేదు. అన్నం సగంలో చెయ్యి కడుక్కున్నారు.

ఈ కబురంతా ఎలా చేరిందో, మరునాడు సాయంత్రం మేస్త్రీ తనే వచ్చాడు.

"మాస్టారూ, నా పని బాగాలేదని కాలేజీ అంతా చెప్పారట. ముందు నాతో చెప్పాలి గదండీ!"

నేను తలవంచుకొన్నాను. అతను ఇంకేమీ అడగకుండా బానెట్టు ఎత్తాడు. మొదట నూనె కొలిచే కడ్డీ తీసి చూశాడు. మట్టం క్రింది గీతకు దగ్గరగా వచ్చింది. తర్వాత నూనె పోసే మూత విప్పి లోపలి వైపు చూశాడు. గాస్కెట్టు పోయి నీళ్ళు నూనెలో కలిస్తే అక్కడ పాలు పోసిన కాఫీలాంటి మడ్డి కనిపిస్తుందట. అది లేదు.

"చుక్క పడిన చోటు కాదండీ చూడవలసింది. నూనె పల్లానికి పోతుంది, కారు నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కు తోస్తుంది. అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఎక్కడ తడిగా ఉందో అదే దొంగ."

కాని ఇంజనంతా జిడ్డే. ఏది పాతదో ఏది కొత్తదో తెలియదు. చల్లారిన ఇంజనును కిరసనాయిలుతో, బ్రష్షుతో మూలమూలలా కడిగి, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చాడు. (వేడి ఇంజను మీద ఈ పని చేయరాదు, నిప్పంటుకొంటుంది.) అప్పుడు పొడి ఏదైనా కావాలన్నాడు. మా ఆవిడ ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. "వద్దమ్మా, అది రాతిపొడి. కార్బ్యురేటర్లోకి పోతే ఇంజను అరిగిపోతుంది" అన్నాడు. చివరకు మా అమ్మాయి పౌడరు డబ్బా బలి అయింది. హెడ్డూ బ్లాకూ కలిసే గీత మీద, రాకరు కవరు అంచుల చుట్టూ, వెనక గేరుబాక్సు దాకా పలుచగా చల్లాడు. ఇంజను పెళ్ళికూతురులా ఘుమఘుమలాడింది.

పావుగంట నడిపి, ఆపి, టార్చీ వేసి, చిన్న అద్దం వెనక్కు పెట్టి చూపించాడు. హెడ్డు గాస్కెట్టు గీత పొడవునా పౌడరు తెల్లగా, పొడిగా ఉంది. రాకరు కవరు వెనక అంచు నుంచి మాత్రం ఒక నల్లటి చార హెడ్డు వీపు మీదుగా దిగి గేరుబాక్సు మొదట్లోకి పోయింది. దించవలసిన గేరుబాక్సుకు ఏ పాపమూ తెలియదు!

కవరు విప్పి మా వంటింటి గట్టు మీద బోర్లించాడు. నున్నటి రాతి మీద అది కాలు పొట్టి పీటలా ఊగింది. కార్కు ఒకచోట నలిగి, పిండి అయి, లోపలికి జారిపోయింది. నట్ల క్రింద రబ్బరు వాషర్లు అప్పచ్చుల్లా అణగిపోయాయి.

"నేను బిగించింది ఇలా కాదే! ఎవరు బిగించారండీ దీన్ని?"

ఇక దాచి లాభం లేదు. హెడ్డు వేసిన మూడోనాడు కవరు అంచున కాస్త చెమ్మ కనిపించింది. నాన్నగారి పానా తీసి నేనే బిగించాను. మరునాడు చెమ్మ హెచ్చింది. ఇంకా బలంగా బిగించాను. ఆ కవరును పట్టి ఉంచేవి నడిమి వరుసలో రెండే నట్లు. అతిగా బిగిస్తే పలుచని రేకు మధ్యలో క్రుంగి అంచులు లేస్తాయి. నేను బిగించినకొద్దీ దారి ఇంకా తెరుచుకొంది.

నాన్నగారు వాలుకుర్చీలోంచి అంతా వింటున్నారు.

మేస్త్రీ నవ్వుతాడనుకొన్నాను. నవ్వలేదు. "మరి ఆ మొదటి చెమ్మ ఎందుకొచ్చింది?" అని తనలో తాను అనుకొని, కవరు తాత్కాలికంగా పెట్టి, ఇంజను నడిపించి, నూనె పోసే రంధ్రం మీద అరచెయ్యి ఉంచాడు. నన్నూ ఉంచమన్నాడు. బుస్సుబుస్సుమని గాలి తన్నుతోంది. పిస్టన్ల రింగులు అరిగి మంట గాలి క్రిందికి జారుతోందట. అది కొంత సహజమే. పోవడానికి ప్రక్కన ఒక గొట్టం ఉంటుంది. విప్పి చూస్తే ముప్పావు వంతు మడ్డితో పూడుకుపోయింది. బయటికి దారిలేని గాలి, నూనెను అంచుల వెంట నెట్టుకొస్తోంది.

"ఇది నా తప్పు మాస్టారూ. హెడ్డు దించిన రోజే ఈ గొట్టం చూడాల్సింది" అన్నాడు.

కవరు అంచును చెక్క దిమ్మ మీద పెట్టి మెల్లగా తట్టి సమం చేశాడు. కొత్త కార్కును కవరు వైపు మాత్రమే అంటించాడు. కొత్త వాషర్లు వేసి, రెండు నట్లనూ మార్చి మార్చి, కార్కు కొద్దిగా అణగేదాకా తిప్పి ఆపేశాడు. నా ప్రాణానికి అది చాలా వదులుగా తోచింది. గొట్టాన్ని తీగతో, కిరసనాయిలుతో శుభ్రం చేశాడు. సామాన్ల ఖర్చు మా అమ్మాయి పౌడరు డబ్బాతో సహా వెయ్యి రూపాయలు దాటలేదు.

మరునాడు క్రింద పరచిన వార్తాపత్రిక మీద రెండు చుక్కలు పడ్డాయి. గుండె జారింది. గేరుబాక్సు గూట్లో మిగిలిన పాత నూనె అది అన్నాడు మేస్త్రీ ఫోనులో. మూడోనాటికి కాగితం పొడిగా ఉంది. సోమవారం స్టాఫ్‌రూములో, ఎవరెవరితో అతని పని చెడ్డదన్నానో వారందరితోనూ పానా సంగతి చెప్పాను. ఒకరిద్దరు వారం రోజులు నన్ను మేస్త్రీగారూ అని పిలిచారు.

అనుకొన్న రోజుకే అత్తయ్య ఊరు వెళ్ళాం. అక్కాతమ్ముళ్ళిద్దరూ మధ్యాహ్నమంతా అరుగు మీద కూర్చున్నారు. తిరిగివచ్చాక మేస్త్రీ చెప్పిన ప్రకారం హెడ్డు నట్లు మరోసారి సరిచేయించాను. రింగులు మాత్రం అలాగే ఉన్నాయి. సంక్రాంతి తర్వాత ఇంజను విప్పాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. నాన్నగారు ఇప్పటికీ నేను బానెట్టు ఎత్తిన చప్పుడైతే చాలు, లోపలి నుంచే అడుగుతారు:

"ఒరే, చూస్తున్నావా, బిగిస్తున్నావా?"