ఆకు రాలితే అడవి లేనట్టేనా?

ఏప్రిల్‌లో ఉపగ్రహం తీసిన చిత్రంలో ఆదిలాబాద్ వైపున్న కవ్వాల్ అడవిని చూస్తే చాలాచోట్ల బీడు భూమేమో అనిపిస్తుంది. ఎండాకాలానికి అక్కడి టేకు చెట్లు ఆకులు రాల్చేసి మోడుల్లా నిలబడతాయి మరి. అందుకే దేశంలోని అడవుల లెక్క తీసే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అక్టోబర్ - డిసెంబర్ నెలల చిత్రాలను ఎంచుకుంటుంది. అప్పటికి మబ్బులు తగ్గుతాయి, ఆకులేమో ఇంకా చెట్టు మీదే ఉంటాయి.

అంత ఎత్తు నుంచి ఆకును గుర్తుపట్టడం ఎలా? పచ్చని ఆకు ఎరుపు కాంతిని ఆహార తయారీకి మింగేస్తుంది. మన కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని మాత్రం బాగా వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకె పేరు ఎన్‌డీవీఐ. పరారుణం 50, ఎరుపు 10 అనుకోండి: 40ని 60తో భాగిస్తే 0.67, అంటే దట్టమైన పచ్చదనం. 30, 20 అయితే 0.2 మాత్రమే.

చిక్కల్లా కరీంనగర్ వరి పొలాలతోనే! మానేరు నీళ్లతో పండే వరి కూడా అడవంత అంకె చూపిస్తుంది. ఒక్క ఫొటోతో తేలదు, ఏడాది పొడవునా వరుసగా చూడాలి. వానాకాలం, యాసంగి రెండు పంటలూ వేసిన మడి రెండుసార్లు పచ్చబడుతుంది, టేకు ఒక్కసారే.

ఇక అడవిలో పచ్చగా కనిపించేది జింకలు మేసే గడ్డా, అవి పెద్దగా ముట్టని లాంటానా పొదా? అది తేల్చాలంటే జీపీఎస్ పట్టుకుని అడవిలోకి నడవాల్సిందే.