గడియారంలోని కెంపులు

కుందుర్పి, కళ్యాణదుర్గం ప్రాంతపు ఇళ్లలో పాత ట్రంకుపెట్టె తెరిస్తే పెద్దల కాలంనాటి చేతిగడియారం కనిపించడం అరుదేమీ కాదు. తరచుగా అది హెచ్.ఎం.టి. జనతా అయివుంటుంది. దాని డయలు మీద '17 జ్యువెల్స్' అని ఉంటుంది. ఆ రెండు మాటల చుట్టూ ఒక అనుమానం చాలాకాలంగా తిరుగుతోంది. బాగుచేయడానికి ఇస్తే లోపలి కెంపులు తీసుకుని ఉత్త రాళ్లు పెడతారట! ఈ భయంతోనే గడియారాన్ని ఎవరికీ చూపించక మూలన పడేసినవారున్నారు. బల్ల ముందు వంగి కళ్లు పోగొట్టుకునే మెకానిక్కుపై దొంగ ముద్ర వేసినవారూ ఉన్నారు. హుజురాత్ సూరా వారించిన దురనుమానం ఇలాంటిదే. కనుక ఆ రాళ్లేమిటో, వాటి ఖరీదెంతో చూద్దాం.

గడియారంలోని చక్రాల ఇరుసులు ఉక్కువి. అవి ఇత్తడి రంధ్రంలో తిరిగితే ఇత్తడి క్రమంగా అరిగి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. చక్రం ఒరుగుతుంది, కాలం తప్పుతుంది. బ్యాలెన్స్ చక్రం సంగతి మరీ సున్నితం. జనతాలో అది సెకనుకు 5 సార్లు, అంటే రోజుకు 4,32,000 సార్లు కొట్టుకుంటుంది. దాని ఇరుసు కొన మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు. అంత సన్నని కొనకు వజ్రం తర్వాత అంతటి గట్టిదనం గల కెంపులో గూడు చేస్తే రాపిడి తగ్గుతుంది, అరుగుదల దాదాపు ఉండదు. రాయి పైభాగాన్ని చిన్న గిన్నెలా తొలుస్తారు. నూనెబొట్టు అందులో నిలిచి ఇరుసును అంటుకొని ఉంటుంది.

17 లెక్క ఇలా వస్తుంది: బ్యాలెన్స్ చక్రానికి రంధ్రపు రాళ్లు రెండు, వాటిపై మూతరాళ్లు రెండు, తోపుడు రాయి ఒకటి, ప్యాలెట్ ఫోర్కుకు ఇరుసురాళ్లు రెండు, దాని రెండు కొమ్ములకు రెండు, మిగిలిన నాలుగు చక్రాలకు రెండేసి చొప్పున ఎనిమిది. చేతితో కీ ఇచ్చే గడియారానికి ఇవి చాలు. 1960ల నాటికి కొన్ని విదేశీ కంపెనీలు పనిలేని రాళ్లను కూడా గుచ్చి '100 జ్యువెల్స్' అని అమ్మాయి. మా దృష్టిలో అది కొనేవారిని మభ్యపెట్టడమే.

కెంపుకు రంధ్రం చేసి గడియారంలో వాడే పద్ధతికి 1704లో లండన్‌లో పేటెంటు పొందినవారు స్విట్జర్లాండుకు చెందిన నికొలా ఫాషియో, డెబాఫ్ర్ సోదరులు. అప్పుడవి నిజంగా గనిలోంచి తీసిన రత్నాలే, ఖరీదైనవే. 1902లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగ్యూస్త్ వెర్నూయి ఆ కథ మార్చాడు. అల్యూమినా పొడికి కాస్త క్రోమియం ఆక్సైడు కలిపి, 2,000 డిగ్రీలు దాటిన మంటలో రాల్చి కెంపును తయారుచేసే పద్ధతి వెల్లడించాడు. రసాయనికంగా అది గని కెంపే. మన పెద్దలు కురువిందమన్న రాయే. రహ్మాన్ సూరాలో యాఖూత్ ప్రస్తావన చదివిన మనకు ఆ పేరు వినగానే విలువ గుర్తొస్తుంది. కానీ కర్మాగారపు కెంపు కోసి సానబట్టిన ఆవగింజంత ముక్కకు నగల అంగడిలో ధర పలకదు. దొంగిలించినా లాభమేమీ లేదు.

అసలు నష్టం దుమ్ము వల్ల. వేరుశనగ చేలమీద వేసవి గాలి లేచినప్పుడు కుందుర్పిలో దుమ్ము చొరని చోటుండదు. గడియారం వెనుక మూత కాస్త వదులైనా అది లోపలికి చేరి, ఎండిన నూనెతో కలిసి సానపొడిలా పనిచేస్తుంది. రాయి అరగదు, ఉక్కు ఇరుసే గీరుకుపోతుంది. కిందపడ్డప్పుడు దెబ్బ తగ్గించేందుకు బ్యాలెన్స్ రాళ్లను స్ప్రింగుపై కూర్చోబెడతారు. డయలుపై 'పారాషాక్' అన్న మాట అదే చెబుతుంది.

హెచ్.ఎం.టి. 1961లో జపానుకు చెందిన సిటిజన్ సహకారంతో బెంగళూరులో గడియారాలు మొదలుపెట్టింది. తరువాత అనంతపురానికి ఆనుకొని ఉన్న తుమకూరు జిల్లాలోనూ కర్మాగారం నెలకొల్పింది. 2016లో కేంద్రం హెచ్.ఎం.టి. వాచెస్ మూసివేతకు ఆమోదం తెలిపింది. అందువల్ల మెకానిక్కులు పగిలిన రాయికి బదులు మరో పాత జనతా నుంచి తీసిన రాయిని అమర్చడం సాధారణం. అది మోసం కాదు. ముందే చెప్పి, పాత ముక్కను తిరిగి ఇమ్మని అడగవచ్చు. మూడు నాలుగేళ్లకోసారి విప్పించి, కడిగించి, కొత్త నూనె వేయించాలి. ఆగిన గడియారానికి పదే పదే కీ తిప్పకుండా ముందు మూత తీయించి చూపించండి.