చంచలమైన కర్సరు: దోషమును కనుగొను విధము

మన పాఠశాలలోని కంప్యూటరు గదిలో కొన్ని యంత్రములు మిక్కిలి పాతవి. గత సంవత్సరము వానిలో నొకదాని తెరమీది బాణపు గుర్తు, అనగా కర్సరు, పిచ్చిపట్టినట్లు ప్రవర్తింపసాగెను. మౌసును పైకి జరిపినచో సాఫీగా పోవును. కుడికి జరిపినచో కదలక నిలిచి, పిమ్మట నొక్కసారిగా దుముకును. ముందునాడు దానియొద్ద కూర్చున్న బాలుడే దానిని పాడుచేసెనని తోడివారనిరి. ఆ గది బాధ్యత వహించిన మేమును విచారింపకయే ఆ మాటను నమ్మితిమి. ఆ బాలుడు నెలదినములు ఆ గదిలో అడుగుపెట్టలేదు. ఇంటియొద్ద కంప్యూటరు లేనివానికి అది చిన్న నష్టము కాదు. తుదకు మేము దోషమును వెదకి కనుగొంటిమి. ఆ విధము అందరికిని ఉపయోగపడునని ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట మౌసు పనిచేయు రీతిని గ్రహింపవలెను. దీనిని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహింపగా, ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ 1964 ప్రాంతమున నిర్మించెను. 1968 డిసెంబరు 9వ తేదీన శాన్ ఫ్రాన్సిస్కో నగరమున ఎంగెల్‌బార్ట్ దానిని నిండుసభలో ప్రదర్శించెను. ఆ తొలి మౌసు చిన్న కొయ్యపెట్టె. దాని యడుగున రెండు చక్రములు ఒకదానికొకటి అడ్డముగా నుండెను. ఒకటి కుడియెడమల చలనమును, రెండవది ముందువెనుకల చలనమును కొలిచెడిది.

తరువాత వచ్చిన బంతి మౌసునందును సూత్రమిదియే. రబ్బరు పూతగల బంతి బల్లమీద దొర్లుచు లోపలి రెండు రోలర్లను త్రిప్పును. ప్రతి రోలరునకును చీలికలుగల చక్రమొకటి తగిలియుండును. చక్రమున కొకప్రక్క కంటికి కనబడని కాంతినిచ్చు దీపమును, వేరొకప్రక్క ఆ కాంతిని గ్రహించు సాధనమును ఉండును. చక్రము తిరిగినకొలది కాంతి తెగుచు, మరల వచ్చుచు నుండును. ఆ మార్పులను లెక్కించియే కర్సరు జరుపబడును. కావున ఒక రోలరునకు మురికి పట్టినచో ఒక దిక్కు చలనము మాత్రమే చెడును. రెండవది బాగుగనే యుండును. మా యంత్రము మొదటిదినముననే ఈ సంగతి చెప్పుచుండెను, మేము వినలేదు.

పరీక్షకు ఉత్తమమైన మార్గ మిది. చెడిన మౌసును మంచి కంప్యూటరునకు, మంచి మౌసును ఈ కంప్యూటరునకు తగిలించి చూడవలెను. దోషము మౌసు వెంట పోయినచో తప్పు మౌసుది. ఇచ్చటనే నిలిచినచో తప్పు యంత్రముది. పాత యంత్రములందలి గుండ్రని ప్లగ్గును ఊడదీయుటకు ముందు కంప్యూటరును ఆపవలెను. యు.ఎస్.బి. ప్లగ్గునకు ఆ నిర్బంధము లేదు.

మా దోషము మౌసు వెంటనే పోయెను. అడుగునున్న వలయమును త్రిప్పి బంతిని వెలికి తీసితిమి. ఒక రోలరుమీద నూలుపోగులు, వెండ్రుకలు, ధూళి కలిసి గట్టి ఉంగరమువలె చుట్టుకొనియుండెను. దానిని చెక్కపుల్లతో మెల్లగా గీకి తీసితిమి. బంతిని సబ్బునీట కడిగి, బాగుగా ఆరనిచ్చి మరల అమర్చితిమి. పావుగంటలో కర్సరు దారికి వచ్చెను.

కాంతితో పనిచేయు మౌసునకు బంతి లేదు. దాని యడుగునున్న చిన్న కెమెరావంటి సాధనము క్షణమునకు వేయికి పైగా చిత్రములను తీసి, వాని భేదమునుబట్టి చలనము నెరుంగును. అద్దమువంటి నున్నని బల్లమీద గుర్తింపదగిన గరుకు లేనందున అది తికమకపడును. ఒక తెల్లకాగితమును పరచినచో తరచుగా సరిపోవును. రంధ్రమున వెండ్రుక చిక్కినను కర్సరు వణకును. తీగలేని మౌసైనచో ముందుగా బ్యాటరీలను మార్చి చూడవలెను.

మౌసు మార్చినను దోషము పోనిచో కంప్యూటరును ఆపి మరల ప్రారంభింపవలెను. జ్ఞాపకశక్తి తక్కువైన పాత యంత్రమున పెక్కు పనులు ఒక్కసారి తెరచినచో కర్సరు ఆగి ఆగి దుముకును, కొన్నిటిని మూయవలెను. అప్పటికిని కుదురనిచో మౌసు డ్రైవరును తొలగించి తిరిగి చేర్పవలెను. ల్యాప్‌టాప్ అయినచో, టైపు చేయునపుడు అరచేయి టచ్‌ప్యాడునకు తగులుచున్నదేమో చూచుకొనవలెను. ఏది చేసినను ఒకమారు ఒక్కటియే మార్చి ఫలితమును చూడవలెను. అన్నియు నొక్కసారి మార్చినచో దేనివలన బాగుపడినదో తెలియదు.

ఆ బాలుని పిలిచి, ఆ మురికి ఉంగరమును చూపి, అందరియెదుట క్షమాపణ చెప్పుకొంటిమి. అంత గట్టిపడిన మురికి ఒకదినమున పట్టునది కాదు. ఎన్నో నెలలుగా అచ్చట కూర్చున్న వారందరి చేతుల ధూళియు అందున్నది. ఇప్పుడు నెలకొకసారి మౌసులను శుభ్రపరచు పని ఆ బాలుడే కోరి చేయుచున్నాడు. విద్యార్థులారా, యంత్రము చెడినపుడు ఎవరు చెరచిరని అడుగుటకు ముందు ఏమి చెడినదని అడుగుడు.