కారెంపూడి వీరులు, మన ఊరి సిపాయిలు

కార్తీక అమావాస్య వచ్చినదన్న పల్నాటి దారులన్నియు కారెంపూడికే సాగును. అచట నాగులేటి యొడ్డున వీరుల గుడి కలదు. వీరాచారము పాటించు కుటుంబములవారు తరతరములుగా కాపాడుకొనుచు వచ్చిన ఆయుధములను, అనగా కొణతములను, ఎత్తుకొని ఊరూరినుండి అచటికి చేరుదురు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఉత్సవము ఐదు దినములు జరుగును. 12వ శతాబ్ది చివరి పాదమున సవతి సోదరులైన నలగామరాజు, మలిదేవరాజుల పక్షములు పోరి నేలకూలిన చోటది.

ఇది విజయోత్సవము కాదు. ఆ యుద్ధమున బాగుపడిన దెవరని బాలుడొకడు తరగతిలో అడిగినచో, ఉపాధ్యాయుడు కొంత తడవు ఆలోచింపవలసినదే. గురజాల మిగులలేదు, మాచెర్ల మిగులలేదు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలమున ప్రవేశించెనని కథ ముగియును. ఐనను ఎనిమిది వందల యేండ్లకు పైగా జనము ఆ వీరులను కొలుచుచునే యున్నారు.

మందపోరునాటి చాపకూడు చూచినవారికి దీని కారణము కొంత తెలియును. కులభేదము లేక అందరు నొక్క పంక్తిని కూర్చుండి భుజింతురు. బ్రహ్మనాయుడు మాచెర్లలో నడపిన పద్ధతియే యిది. అంటరానివారని దూరముంచిన కులమున పుట్టిన కన్నమదాసును ఆయన కుమారునివలె చేరదీసి సేనానిని చేసెను. కత్తి పట్టినందులకే కాక, ఆ చాప పరచినందులకును పల్నాడు వారిని తలచుచున్నది.

ఈ గాథను వీరవిద్యావంతులు నేటికిని పాడుదురు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన 'పల్నాటి వీరచరిత్ర'ను అక్కిరాజు ఉమాకాంతము 1911లో ప్రకటించెను. జీన్ రోఘేర్ అను విదేశీయ పండితుడు కారెంపూడి గాయకుల నోట విన్న కథను ఆంగ్లమున గ్రంథముగా 1982లో వెలువరించెను.

ఇంత పాటయు గతించినవారికే. బ్రతికి యింటికి వచ్చిన సిపాయి మాటేమి?

సామాన్యముగా జవాను నలువది యేండ్లకు అటునిటుగా కొలువు వీడి వచ్చును. సగము జీవిత మింకను మిగిలియే యుండును. ఊరిలో ఆయనను 'మిలిటరీ ఆయన' అందురు. అసలు పేరు పలువురకు తెలియదు. గాయమునకు కట్టు కట్టుట, జనమును వరుసలో నిలుపుట, వరదలోనో అగ్నిప్రమాదములోనో తొట్రుపడక పనికి పూనుట ఆయన అలవరచుకొన్న విద్యలు. కాని వానికంటె విలువైనది వేరొకటి యున్నది. తనకు తెలియని భాషలవారితో, తన కులము కానివారితో ఏండ్ల తరబడి ఒకే లంగరులో తిని, ఒకే బారకులో నిద్రించి వచ్చినవా డాయన. చాపకూడును మనము పాఠముగా చెప్పుదుము. ఆయన ఆ పంక్తిలో కూర్చుండి వచ్చినాడు.

సైన్యమంతయు మొదటినుండి ఇట్లే యుండెనని చెప్పరాదు. ఆంగ్లేయుల కాలమున జాతుల వారీగా దళములను కూర్చిరి. పాత రెజిమెంట్లు కొన్నింట ఆ పోకడ నేటికిని మిగిలియున్నది. అన్ని ప్రాంతముల, అన్ని కులముల వారిని కలిపి 1949లో గార్డ్స్ బ్రిగేడును ఏర్పరచుట ఒక మలుపు.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెము చేరువ మాధవరమను గ్రామము కలదు. ప్రథమ ప్రపంచ సంగ్రామము మొదలు తరతరములుగా సైనికుల నిచ్చుటచే దానికి మిలిటరీ మాధవరమనియే పేరు స్థిరపడినది. అచట యుద్ధస్మారకమును గలదు. తక్కిన ఊళ్లలో ఒకరిద్దరుగా నున్న మాజీ సైనికులకు అట్టి గుర్తింపు అరుదు.

మాజీ సైనికుల దినముగా జనవరి 14ను పాటించుచున్నారు. జనరల్ కరియప్ప 1953లో పదవీ విరమణ చేసిన దినమది. అయితే మన బడులకవి సంక్రాంతి సెలవులు. పిల్లల కా సంగతియే తెలియదు. డిసెంబరు 7న వచ్చు సైనిక పతాక దినము అట్లు కాదు. 1949 నుండి ఆనాడు చిన్న జెండాలిచ్చి విరాళములు పోగుచేయుదురు. ఆ సొమ్ము యుద్ధమున భర్తలను కోల్పోయినవారికి, అంగవైకల్యము పొందినవారికి, మాజీ సైనికుల కుటుంబములకు వినియోగపడును. బడిలో డబ్బా తిరుగును, నాణెములు పడును, అంతటితో సరి. ఆ యొక్క దినమున ఊరిలోని మాజీ సైనికుని తరగతికి పిలిచి, తాను ఎక్కడెక్కడ పని చేసెనో, ఎవరెవరితో కలిసి తినెనో చెప్పుమన్నచో ఖర్చేమియు లేదు.

పల్నాటి బడులకు ఇందు మరొక సౌలభ్యము కలదు. వీరుల తిరునాళ్లును పతాక దినమును తరచు కొద్ది వారముల ఎడముననే వచ్చును. 2018లోనైతే కార్తీక అమావాస్య సరిగా డిసెంబరు 7వ తేదీననే వచ్చినది.